మూడు గులకరాళ్ళు, కాస్త నాచు

పోయిన సెమిస్టర్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ సెమినార్‌కి చీటీలు తీశారు. ఒకళ్ళకి ఓజోన్ పొర వచ్చింది, ఇంకొకళ్ళకి సోలార్ ప్యానెల్స్ వచ్చాయి. నాకు మాత్రం మురుగునీటిలోని భార లోహాలను జీవ పదార్థాలతో తొలగించడం అనే టాపిక్ వచ్చింది. కోడ్ రాసుకునేవాళ్ళకి ఈ ఊక, నాచు గొడవేంటి అనుకుంటూనే మొదలుపెట్టాను. స్లయిడ్లు రెండు రోజుల్లో అయిపోయాయి. మొదటి స్లయిడ్‌లో పెట్టడానికి ఏదైనా పాత ఉదాహరణ ఉందా అని వెతుకుతుంటే ఒక జపాన్ పెద్దాయన దొరికాడు. పేరు తనాకా షోజో. 1913లో చనిపోయాడు. జపాన్‌లో స్కూల్ పిల్లలు కూడా ఆయన గురించి చదువుకుంటారు. సెమినార్‌కి ఇచ్చిన పది నిమిషాల్లో ఆయన గురించి ఒక్క లైనే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ చెప్తాను.

తనాకా 1841లో కొనాకా అనే పల్లెటూళ్ళో పుట్టాడు. అది టోక్యోకి ఉత్తరాన, ఇప్పటి తోచిగి ప్రాంతంలో సానో పట్టణం దగ్గర ఉంది. వాళ్ళది ఊరి పెద్దరికం చేసే కుటుంబం. తండ్రి తర్వాత కుర్రవాడిగా ఉన్నప్పుడే ఆ పెద్దరికం ఆయనకి వచ్చింది. ఆ ఊళ్ళని ఏలే దొర తరఫు అధికారులు రైతుల్ని పీడిస్తుంటే ఎదురుతిరిగాడు. 1868లో పట్టుకెళ్ళి బోనులాంటి గదిలో వేశారు. అందులో లేచి నిలబడటానికి లేదు, కాళ్ళు చాపుకోవడానికి లేదు. అన్నంలో విషం కలుపుతారేమోనన్న భయంతో కొన్నాళ్ళు ఎండుచేప ముక్కలు నమిలి బతికాడట. పది నెలలకి పైగా అలా ఉన్నాక ఊరు విడిచిపెట్టి పొమ్మన్నారు.

తర్వాత ఉత్తరాదిన ఒక చిన్న ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. అక్కడ ఆయన పై అధికారిని ఎవరో చంపేస్తే అనుమానం ఈయన మీదకి వచ్చింది. 1871 నుంచి 1874 దాకా చేయని నేరానికి జైల్లో ఉన్నాడు. ఆ జైల్లోనే రాజకీయాలు, ఆర్థికశాస్త్రం మీద వచ్చిన అనువాదాలు సంపాదించి చదివాడు. మనం ఇంటర్న్‌షిప్ రాలేదని దిగులుపడే వయసు దాటేసరికే ఆయన రెండుసార్లు జైలు చూసేశాడు.

ఇంటికొచ్చాక భూముల వ్యాపారంలో బాగానే సంపాదించాడు. అయితే అక్కడే ఆగిపోయి, ఇక సొంత లాభం కోసం పనిచేయనని నిర్ణయించుకున్నాడు. 1879లో పత్రిక నడపడంలో చేరాడు, 1880లో తోచిగి ప్రాంతీయ సభకి ఎన్నికయ్యాడు, 1886లో దానికి అధ్యక్షుడయ్యాడు. 1890లో జపాన్‌లో మొట్టమొదటి పార్లమెంటు ఎన్నికలు జరిగినప్పుడు గెలిచి టోక్యో వెళ్ళాడు. అప్పటికి ఆయనకి 48 ఏళ్ళు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ఆయన జిల్లా మీదుగా వతరాసే అనే నది పారుతుంది. దాని పైభాగంలో, కొండల్లో ఆషియో రాగి గని ఉంది. 1877లో ఫురుకావా ఇచిబే అనే వ్యాపారి దాన్ని కొన్నాడు. కొద్ది ఏళ్ళలోనే పెద్ద ఖనిజ పొరలు దొరికి, అది దేశంలోకెల్లా పెద్ద రాగి గని అయిపోయింది. అప్పుడు జపాన్‌కి రాగి అంటే డాలర్లతో సమానం. దాన్ని అమ్మి యంత్రాలు, ఆయుధాలు కొనుక్కునేవాళ్ళు. అందుకే గని జోలికి వెళ్ళడానికి ప్రభుత్వంలో ఎవరికీ ఇష్టం లేదు.

వతరాసేకి ముందు కూడా వరదలు వచ్చేవి. అయితే ఆ వరద కొండల్లోని ఆకుకుళ్ళు మట్టిని తెచ్చి పొలాల్లో పరిచేది. రైతులకి అది ఖర్చులేని ఎరువు. గని వచ్చాక రెండు పనులు ఒకేసారి జరిగాయి. సొరంగాల్లో దన్నుకి, కొలిమిలో బొగ్గుకి చెట్లు నరికేశారు, మిగిలిన చెట్లు కొలిమి నుంచి వచ్చే గంధకపు పొగకి మాడిపోయాయి. కొండలు బోడి అయ్యేసరికి వరద పెద్దదైంది. ఇక గని వ్యర్థం, రాగి పొడి, ఆమ్లపు నీళ్ళు ఏటిలోకి దిగేవి. అంటే ఎరువు మోసుకొచ్చిన దారిలోనే ఇప్పుడు విషం వచ్చేది. 1880ల మధ్యలోనే చేపలు చచ్చి తేలడం మొదలైంది. 1890 పెద్ద వరద తర్వాత నీళ్ళు నిలిచిన పొలాల్లో వరి ఎదగలేదు.

రైతులు ఇక్కడ తెలివైన పని చేశారు. తిట్లతో ఆపకుండా మట్టి, నీటి శాంపిల్స్ పట్టుకుని టోక్యోలోని వ్యవసాయ కళాశాలకి వెళ్ళారు. కొజాయి యోషినావో అనే యువ అధ్యాపకుడు పరీక్ష చేసి 1891లో తేల్చి చెప్పాడు: మట్టిలో రాగి ఉంది, పంట పోవడానికి అదే కారణం. ఆ ఏడాది డిసెంబర్‌లో తనాకా పార్లమెంటులో లేచి అడిగాడు. ప్రజల పొలాల్ని పాడుచేసే గనికి అనుమతి రద్దుచేయొచ్చని మీ చట్టంలోనే ఉంది కదా, ఎందుకు చేయడం లేదని. జవాబు చెప్పాల్సిన వ్యవసాయ, వాణిజ్య మంత్రి ముత్సు మునెమిత్సు. ఆయన రెండో కొడుకుని గని యజమాని ఫురుకావా దత్తత తీసుకున్నాడు. ఇంక జవాబు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించండి.

ఆ తర్వాత కంపెనీ ఒక యంత్రం తెస్తామంది. ఖనిజపు పొడిని నదిలోకి పోకుండా పట్టే యంత్రం. అది పనిచేస్తుందో లేదో తేలడానికి 1896 దాకా ఆగండి, ఈలోపు ఫిర్యాదు చేయకండి అంటూ కొంచెం డబ్బిచ్చి ఊరూరా సంతకాలు పెట్టించుకున్నారు. అప్పుల్లో ఉన్న రైతులు చాలామంది పెట్టేశారు. 1896 రానే వచ్చింది. ఆ ఏడు వరుసగా వరదలొచ్చి, ముందెన్నడూ లేనంత దూరం విషపు మట్టి పాకింది.

1897 మార్చిలో రైతులు వేల మంది టోక్యోకి నడుచుకుంటూ వెళ్ళారు. వ్యవసాయ మంత్రి ఎనొమోతో తకెఅకి స్వయంగా పొలాలు చూసొచ్చి, కొద్ది రోజుల్లోనే పదవికి రాజీనామా చేశాడు. మేలో ప్రభుత్వం గనికి 37 అంశాలతో ఒక ఆదేశం ఇచ్చింది. గని నీటిలో సున్నం కలపాలి, తేర్చే చెరువులు కట్టాలి, వడపోత గుంటలు కట్టాలి, పొగని శుభ్రం చేసే గోపురం కట్టాలి. గడువులోగా చేయకపోతే గని మూసేస్తాం. కంపెనీ గడువులోగా కట్టేసింది కూడా.

నా సెమినార్ టాపిక్ ఇక్కడే తగులుతుంది, కాబట్టి కథ కాస్త ఆపుతాను. గని నీళ్ళు పుల్లగా ఉంటాయి, అంటే ఆమ్లం ఎక్కువ. సున్నం కలిపితే ఆ ఆమ్లం తగ్గి, కరిగి ఉన్న రాగి గట్టిపడి బురదలా అడుగుకి చేరుతుంది. ఇది 1897లో తెలిసిన పద్ధతే, ఇప్పటికీ వాడుతున్నారు. ఎక్కువ లోహం ఉన్నప్పుడు ఇది చవక. చివర్లో మిగిలే కొద్దిపాటి లోహాన్ని కూడా తీసేయాలంటే ఖర్చు పెరిగిపోతుంది. జీవ పదార్థాలు పనికొచ్చేది అక్కడే.

సముద్రపు నాచు, బూజు, ఈస్ట్, ఊక, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు, ఇలాంటివాటి కణాల గోడల మీద కార్బాక్సిల్, అమైన్ లాంటి రసాయన గుంపులు ఉంటాయి. లోహపు అయాన్లు ధనావేశంతో ఉంటాయి కాబట్టి వచ్చి వీటికి అతుక్కుంటాయి. తమాషా ఏంటంటే ఆ నాచు బతికే ఉండాల్సిన పని లేదు. ఎండబెట్టి పొడి చేసినా పనిచేస్తుంది. దీన్నే బయోసార్ప్షన్ అంటారు. మా క్లాస్‌లో నేను దీన్ని ఆర్టీసీ బస్సుతో చెప్పాను. సీట్లు ఆ రసాయన గుంపులు, ఎక్కాల్సిన వాళ్ళు రాగి అయాన్లు. కానీ నీళ్ళు మరీ పుల్లగా ఉంటే హైడ్రోజన్ అయాన్లు ముందే కిటికీలోంచి కర్చీఫ్‌లు వేసేసి ఉంటాయి. రాగికి సీటు దొరకదు. అందుకని ముందు ఆమ్లం తగ్గించాలి. సీట్లు నిండాక బస్సు ఖాళీ చేయాలంటే మళ్ళీ ఆమ్లంతోనే కడగాలి. అప్పుడు ఆ లోహం మొత్తం కొంచెం నీళ్ళలోకి దిగుతుంది. దాన్ని తీసి వాడుకోవచ్చు, లేదా జాగ్రత్తగా దాచాలి.

ఇంతవరకు చెప్పాక మా బెంచి అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. సరే, నాచు రాగిని పట్టింది, మరి ఆ నాచుని ఎక్కడ పడేస్తారు అని. నా దగ్గర జవాబు ఉంది, కడిగి మళ్ళీ వాడతారని చెప్పాను. ఎప్పటికైనా అది పాడవుతుంది కదా అంది. దానికి మాత్రం తడబడ్డాను. తనాకా జీవితం చదివాక ఆ ప్రశ్న ఎంత పెద్దదో అర్థమైంది. లోహం కుళ్ళిపోదు, కాలిపోయినా బూడిదలో మిగులుతుంది. మనం చేసేది డిలీట్ కాదు, కట్-పేస్ట్. ఎక్కడ పేస్ట్ చేస్తున్నామన్నదే అసలు సంగతి.

ఆషియోలో ఏమైందంటే, 1898 సెప్టెంబర్ వరదకి ఆ తేర్చే చెరువు తెగిపోయింది. అందులో పోగైన బురదంతా మళ్ళీ నదిలోకే వచ్చింది. వేల మంది రైతులు మళ్ళీ టోక్యోకి బయల్దేరారు. దారిలో తనాకా ఎదురెళ్ళి వాళ్ళని ఆపాడు. ఇప్పుడు వచ్చింది పార్టీల ప్రభుత్వం, మన ప్రభుత్వం, నేను మాట్లాడతాను, మీరు వెనక్కి వెళ్ళండి అని నచ్చజెప్పాడు. ఆయన మాట మీద నమ్మకంతో కొద్దిమంది ప్రతినిధులు తప్ప అందరూ వెనక్కి వెళ్ళిపోయారు. ఆ ప్రభుత్వం కొన్ని నెలల్లోనే ఏమీ చేయకుండా కూలిపోయింది. ఆయన కథలో నన్ను బాగా పట్టుకున్న చోటు ఇది. ఎప్పుడూ కరెక్టుగా ఉండే హీరో కాదు ఆయన. నమ్మకూడని వాళ్ళని నమ్మాడు, తనని నమ్మిన వాళ్ళకి చేతులు ఖాళీగా చూపించాల్సి వచ్చింది. ఆ తర్వాతి పదిహేనేళ్ళు ఆ బాకీ తీర్చినట్టే బతికాడు.

1899లో ఎంపీల జీతం పెంచుతుంటే వ్యతిరేకించి, తన జీతం మొత్తం వదిలేసుకున్నాడు. 1900 ఫిబ్రవరి 13న రైతులు మళ్ళీ టోక్యోకి నడుస్తుంటే కవమాత అనే చోట పోలీసులు అడ్డుకుని కొట్టారు. పదులకొద్దీ మందిని అరెస్టు చేశారు. నాలుగు రోజుల తర్వాత తనాకా పార్లమెంటులో అడిగిన ప్రశ్న జపాన్ చరిత్రలో నిలిచిపోయింది. ప్రజల్ని చంపుకోవడమంటే దేశాన్ని చంపుకోవడమే, దేశం నాశనమైపోతోందన్న సంగతైనా మీకు తెలుస్తోందా అన్నది దాని సారం. ప్రధాని యమగాత ఇచ్చిన జవాబు, ప్రశ్న అర్థం కాలేదు కాబట్టి జవాబు ఇవ్వబోమని. రైతుల కేసు విచారణలో ప్రాసిక్యూటర్ మాట్లాడుతుంటే తనాకా గట్టిగా ఆవలించాడని ఆయన మీద కూడా కేసు పెట్టారు. ఆ ఆవలింతకి 1902లో 40 రోజులు జైల్లో ఉన్నాడు. అప్పుడు చదివిన బైబిల్ చివరిదాకా ఆయన వెంటే ఉంది.

జైలుకి ముందే, 1901 అక్టోబర్‌లో, ఎంపీ పదవికి రాజీనామా చేశాడు. డిసెంబర్ 10న మెయిజీ చక్రవర్తి పార్లమెంటు నుంచి గుర్రపు బండిలో వస్తుంటే, చేతిలో అర్జీ పట్టుకుని ఆ బండి వైపు పరిగెత్తాడు. అలా చేయడం ప్రాణాలతో చెలగాటం. భార్య కత్సుకి శిక్ష తగలకూడదని ముందే విడాకుల కాగితం పంపాడంటారు. అర్జీ రాసిపెట్టింది కొతోకు షూసుయి అనే పత్రికా రచయిత. అందులో కొన్ని మాటలు తనాకా తన చేత్తో దిద్ది, దిద్దిన ప్రతిచోటా ముద్ర వేశాడు. కాపలా గుర్రపు రౌతు ఒకడు అడ్డుకోబోయి గుర్రంతో సహా పడిపోయాడు, పోలీసులు తనాకాని పట్టుకున్నారు. అర్జీ చక్రవర్తికి చేరలేదు. కేసు పెడితే దేశమంతా గని గురించి మాట్లాడుతుంది కాబట్టి, పిచ్చివాడని చెప్పి ఆ రోజే వదిలేశారు.

అయినా దేశం మాట్లాడింది. ముఖ్యంగా స్టూడెంట్స్. ఆ నెలాఖర్లో టోక్యో నుంచి వందల మంది విద్యార్థులు ఆ పొలాలు చూడటానికి వెళ్ళారు. తర్వాత పెద్ద నవలాకారుడైన షిగా నవోయా అప్పుడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. నేనూ వెళ్తానంటే ఇంట్లో తండ్రితో పెద్ద గొడవైంది. ఎందుకంటే ఒకప్పుడు ఆషియో గని మొదలుపెట్టడంలో వాళ్ళ తాతగారికీ చేయి ఉంది. ఆ గొడవ వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నడిచింది.

ప్రభుత్వం మీద ఒత్తిడి పెరిగింది. ఇంకో కమిటీ వేశారు. ఆ కమిటీ 1903లో చూపించిన దారి చూస్తే నాకు కట్-పేస్ట్ అన్న మాట గుర్తొచ్చింది. సమస్య గని కాదు, వరదలు. కాబట్టి నది కింది భాగంలో, యనాకా అనే ఊరున్న చోట వరదనీటిని నిలిపే పెద్ద మడుగు కడదాం. అంటే విషం పుట్టేచోట పుడుతూనే ఉంటుంది, దిగే చోటు మాత్రం ఒక్క ఊరు అవుతుంది. ఆ ఊళ్ళో సుమారు 450 కుటుంబాలు, 2,700 మంది ఉండేవాళ్ళు. నీటిని తేర్చే చెరువు అడుగున బురద చేరినట్టే, దేశానికి అక్కర్లేనిదంతా చేర్చడానికి యనాకాని ఎంచుకున్నారు.

1904లో తనాకా ఆ ఊరికే కాపురం మారాడు. అరవై దాటిన మనిషి, మాజీ ఎంపీ, మునగబోయే ఊళ్ళో పోయి కూర్చున్నాడు. అధికారులు గట్లు తెగినా బాగుచేయలేదు. డబ్బిచ్చి, భయపెట్టి ఒక్కో కుటుంబాన్నీ ఖాళీ చేయించారు. కొందరు తర్వాత ఎక్కడో ఉత్తరాన, చలిదేశం హొక్కైదోలో అడవి కొట్టుకుని బతకాల్సి వచ్చింది. 1906లో యనాకా అనే ఊరు కాగితాల మీద లేకుండా పోయింది. చివరికి 16 ఇళ్ళవాళ్ళు కదల్లేదు. 1907 జూన్ చివర నుంచి జులై మొదటి వారం దాకా ఆ 16 ఇళ్ళనీ ఒక్కొక్కటే కూలగొట్టారు. వాళ్ళు అక్కడే చిన్న గుడిసెలు వేసుకుని, వాన వస్తే తడుస్తూ ఉండిపోయారు. మొదట్లో వాళ్ళకి దారి చూపించడానికి వచ్చిన తనాకా, తనే వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సి ఉందని అర్థం చేసుకున్నాడని ఆయన డైరీలు చదివినవాళ్ళు అంటారు. 1898లో రైతుల్ని వెనక్కి పంపిన నాయకుడు, ఇప్పుడు వాళ్ళ వెనక నడిచే మనిషయ్యాడు.

చివరి ఏళ్ళలో ఆయన పని నడవడమే. ఒక్కో నదీ, ఒక్కో ఉపనదీ గట్ల వెంట తిరుగుతూ నీటిమట్టం ఎంత, ఏ వానకి ఎంత పెరిగింది అని ఊళ్ళవాళ్ళని అడిగి రాసుకునేవాడు. మనం డేటా కలెక్షన్ అనే పనిని ఆయన గడ్డి చెప్పులతో చేశాడు. అలా తిరుగుతూనే జబ్బుపడి, ఒక అభిమాని ఇంట్లో 1913 సెప్టెంబర్ 4న చనిపోయాడు. ఆస్తి ఏమీ మిగల్లేదు. తలగడ దగ్గరున్న చేతిసంచిలో ఒక బైబిల్, రాజ్యాంగాన్నీ మత్తయి సువార్తనీ కలిపి కుట్టిన పుస్తకం, మూడు డైరీలు, నదుల మీద రాస్తున్న కాగితాలు, ముక్కు తుడుచుకునే కాగితం, మూడు గులకరాళ్ళు, కాస్త నది నాచు ఉన్నాయి. అంతే. అంత్యక్రియలకి వేలకొద్దీ జనం వచ్చారు. ఆయన అస్థికల్ని ఒక్కచోట కాదు, పంచుకుని వేర్వేరు ఊళ్ళలో పెట్టుకున్నారు.

ఆషియో గని 1973 దాకా నడిచింది. మరుసటి ఏడాది కంపెనీ 971 మంది రైతులకి 155 కోట్ల యెన్‌ల పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. అంటే తనాకా పార్లమెంటులో అడిగిన 83 ఏళ్ళకి. గని మూసేసినా దాని నీళ్ళు ఆగలేదు, ఇప్పటికీ సున్నంతో శుద్ధి చేస్తూనే ఉన్నారు. 2011 మార్చి 11 భూకంపానికి ఆషియోలో పాత వ్యర్థాల గుట్ట ఒకటి జారి నదిలో పడింది. నీటిలో సీసం పరిమితికి మించి కనిపించింది. ఎప్పుడో పేస్ట్ చేసింది అక్కడే ఉంది మరి.

యనాకా ఉన్న చోట ఇప్పుడు 33 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల ఉంది. అందులో సగం దాకా రెల్లే. మన కొల్లేరులో కిక్కిస అంటారు కదా, ఆ జాతి గడ్డి. 2012లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, పక్షుల కోసం జనం కెమెరాలు పట్టుకుని వెళ్తారు. లోహాలున్న నీటిని ఇలాంటి గడ్డి మడుల గుండా పంపితే, వేళ్ళూ వాటి చుట్టూ ఉన్న బురదా చాలా లోహాన్ని పట్టుకుంటాయి. నా నాలుగో స్లయిడ్ నిండా అదే. అక్కడ కూడా లోహం ఎక్కువగా అడుగు బురదలోనే ఉండిపోతుంది తప్ప మాయమవదు. ఆ మడుగులోని చెరువు పైనుంచి చూస్తే హృదయం ఆకారంలో ఉంటుంది. అందం కోసం అలా కట్టలేదు. పాత ఊరి గుడి, సమాధులు మునగనివ్వమని యనాకా వాళ్ళ వారసులు అడ్డుపడితే, ఆ ముక్కని వదిలి కట్టడం వల్ల అలా వచ్చింది.

2014 మేలో అప్పటి జపాన్ చక్రవర్తి అకిహితో సానో పట్టణానికి వచ్చి, తనాకా తన ముత్తాత కోసం పట్టుకుని పరిగెత్తిన ఆ అర్జీని చూశాడు. అది చేరడానికి 113 ఏళ్ళు పట్టింది.

నాచు, ఊక పనికిరావని నేను అనడం లేదు. ఫ్యాక్టరీ లోపల, పైపు చివర, నీళ్ళు కొద్దిగా ఉన్నప్పుడు అవి చవగ్గా, చక్కగా పనిచేస్తాయి. అదే లోహం వరదలో కలిసి నాలుగు జిల్లాల పొలాల్లో పరుచుకున్నాక ఎంత ఊక పోసినా లాభం లేదు. పుట్టేచోటే ఆపండి అని తనాకా 22 ఏళ్ళు అడిగింది, నా స్లయిడ్లలోని కెమిస్ట్రీ చెప్పేది ఒకటే. సెమినార్ పీపీటీని పోర్టల్‌లో అప్‌లోడ్ చేసే ముందు చివరి స్లయిడ్‌లో థాంక్యూ తీసేసి, మా బెంచి అమ్మాయి అడిగిన ప్రశ్న పెట్టాను. దాని కింద మూడు గులకరాళ్ళ బొమ్మ. మేడమ్ ఇదేంటని అడిగితే, ఈ ఆర్టికల్ లింక్ పంపిస్తాను.